రేపు రా

పర్లాకిమిడి. రాత్రి పదకొండు దాటింది.
వ్యవసాయ కేంద్రం మెట్ల కింద గది
ఒకప్పుడు విత్తనాల స్టోరు. ఇప్పటికీ
సర్వర్ ఫ్యాను ఊదే వేడిగాలిలో
చోళ్ల నూక వాసన.

క్యూలో పదిహేడు వందల నలభై రెండు ఉత్తరాలు.
ఒక్కటీ లోపలికి రాలేదు, ఒక్కటీ చావలేదు.
ప్రతిదాని పక్కనా అదే మాట:
స్కానర్ పలకడం లేదు, తర్వాత ప్రయత్నించండి.

నా చిన్నప్పుడు, ఏటికవతల పాతపట్నంలో,
ఒక ఎండాకాలమంతా మా వీధి తలుపుల మీద
ఎర్రమట్టితో రాసి ఉండేది: ఓ స్త్రీ రేపు రా.
దెయ్యానికి చదువొచ్చని ఎలా నమ్మారో,
చదివి మాట వింటుందని ఎలా నమ్మారో!
ఈ ఉత్తరాలూ ఆ తీరువే.
వస్తాయి, గడప చూస్తాయి, వెళ్లిపోతాయి,
కాసేపటికి మళ్లీ వస్తాయి.
ఐదు రోజులు ఇలా తిరుగుతాయి. ఆ తర్వాత
పంపినవాడి దగ్గరికే పోయి
తలుపు తియ్యలేదని చెప్పేస్తాయి.

పాణిగ్రాహి బాబు ఫోను.
"బొందొ కొరిదియొ, మా. స్కానింగు ఆపెయ్యి. ఉత్తరాలు పోనీ."
నిజమే, ఒక్క లైను. దాని ముందు చిన్న గుర్తు పెడితే
తలుపే ఉండదు.
వేలు ఆ మీట దాకా వెళ్లింది.

పోయినేడు కాశీనగర్ సొసైటీకి
బిల్లు పేరుతో ఒక ఫైలొచ్చి
మూడేళ్ల జీడిపిక్కల లెక్కలకి తాళం వేసి కూచుంది.
గుమాస్తా గౌరొచంద్రొ ఇప్పటికీ
చిల్లులు పడిన రసీదులు ముందేసుకుని
చేత్తో ఎక్కిస్తున్నాడు.
"తెల్లారేదాకా ఆగండి బాబూ," అన్నాను.
"హౌ," అని పెట్టేశాడు. కోపమో, నిద్రో.

అనుమతులేమో అనుకున్నాను. కాదు.
డిస్కు నిండిందేమో. సగం ఖాళీ.
స్కానర్ని లేపాను. లేచింది.
రెండు నిమిషాలకి లేదు.
లేపాను. లేదు. లేపాను.
నాలుగోసారికి గాని తట్టలేదు నాకు,
చూడాల్సింది అది లేవడం కాదు, పడడమని.

కెర్నల్ లాగులో, అట్టడుగున, పంచనామాలా ఒకే వాక్యం:
మెమరీ చాల్లేదు.
అందరిలోకి లావుగా ఉన్నవాణ్ని చంపాను.

ఏడేళ్ల కిందట కొన్న పెట్టె ఇది. రెండు జీబీల మెడ.
లోకంలో పుట్టిన ప్రతి పురుగు ఆనవాలూ
ఆ తల మీద ఏటేటా ఇంకో బిందె.
ఇన్నాళ్లూ మోసిందని ఎవరం అనుకోలేదు.
మొన్న, ఆఖరి చెంబుకి, మోకాళ్ల మీద పడింది.

భూసార పరీక్షల గదిలో పాడైన కంప్యూటరుంది.
దాని మెమరీ కార్డు ఊడదీశాను. పళ్లన్నీ నల్లగా.
వాచ్‌మన్ సొంబారు తన కూతురి జామెట్రీ బాక్సు వెతికి
సగం కొరికిన రబ్బరు తెచ్చిచ్చాడు.
"ఏటమ్మా, పురుగు దొరికిందేటి?"
"పురుగు కాదు, పురుగుల్ని చూసీవోడే పడిపోనాడు."
"తిండి లేకేటి?"
"చోటు లేక."

రుద్దాను. బిగించాను. లేచింది.
రెండు నిమిషాలు. ఐదు. పదిహేను.
కోరల్లేని పామునొకదాన్ని నేనే రాసి
నాకు నేనే పంపుకున్నాను.
పట్టుకుంది. పట్టుకుని, నా పేరే రాసింది
దొంగ అని.
ఆ గదిలో ఒక్కదాన్నీ నవ్వాను.

అప్పుడు క్యూ వదిలాను.

విత్తనాల రేట్లు, జీతాల బిల్లులు,
ఎవరిదో బదిలీ, ఎవరిదో శ్రాద్ధం సెలవు,
వాటి మధ్య, మంగళవారం భువనేశ్వర్లో బయల్దేరింది ఒకటి:
రేపు సాయంత్రం గుమ్మా, మోహనా కొండల్లో భారీ వర్షం.
కోసిన చోడి పనలు ఎత్తుకోండి.

ఇది గురువారం. తెల్లవారుజాము.
నిన్న సాయంత్రం నించీ రేకుల మీద వాన.

"మీ ఊళ్లో ఎత్తేరా, సొంబారూ?"
"సగం," అన్నాడు. రబ్బరు జేబులో వేసుకున్నాడు.

ఆ ఉత్తరాన్ని నేను ఆపలేదు.
దాంట్లో ఏ పురుగూ లేదు.